లైస్బెట్ ఇంటి కప్పు

హార్లెమ్, 1654

సెప్టెంబరు 7. పొద్దున్న ఏడు.
నిర్ణయం: అచ్చుబొమ్మకని మైనం పూసిన ఈ రాగిరేకు మీద ఉన్నది ఉన్నట్టే గీస్తాను. ఒక్క గీత కల్పించను. పది రోజుల్లో పూర్తి. నలభై ఏళ్ళుగా నేను గీసిన చెట్లలో సగం దేవుడు సృష్టించనివేనని మా ఆవిడ హెస్టర్ అంటుంది. ఈసారి ఆ మాట పడను.
గీయబోయేది: ఇసుకదిబ్బల దారిలో లైస్బెట్ ఇల్లు. భర్త పోయి ఆరేళ్ళు, ఒంటరిది. కుంగిన గడ్డికప్పు, పొగగొట్టంలో మొలిచిన మొక్క, పడిపోయిన కంచె, బోలుబారిన విల్లో చెట్టు. ఇంత అందంగా పాడైన ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు.

8. కంచె లేచి నిలబడింది. బొమ్మ గీస్తున్నారని తెలిసి లైస్బెట్ మేకులు కొట్టేసిందట. నిన్న పడి ఉన్నమాట నిజమే కాబట్టి పడినట్టే గీశాను. ఇది కల్పన కాదు, జ్ఞాపకం.

9. వాన. వెళ్ళలేదు. నాచు గురించి ఆలోచించాను. నాచుకి తొందర ఉండదు. మా నాన్నకీ ఉండేది కాదు. ఆయన జోళ్ళు తొడుక్కునేలోపు పడవ వెళ్ళిపోయేది. ఎక్కడున్నాను? ఆ, వాన.

10. పదింటికి. పొగగొట్టంలో మొక్క లేదు. విల్లోకి కొమ్మలు లేవు. కిటికీలు తోమేసింది, గుమ్మం ముందు ఇటుకలతో సహా. ఆగలేక, కాస్త ఆగమ్మా, ఇల్లు బాగుపడితే నా బొమ్మ పాడవుతుందని చెప్పేశాను. బకెట్ కింద పెట్టింది.
"ఆ కప్పు మా ఆయన వేసింది, అన్నయ్యా. ఆయన పోయాకే కుంగింది. దాన్ని ఆమ్‌స్టర్‌డామ్ దొరలు గోడకి తగిలించుకుని మురిసిపోతే, ఇక్కడ నేను తలెత్తుకు తిరగొద్దూ?"
కప్పు కొత్తగానే చూపిస్తానని మాటిచ్చాను.

11. లైస్బెట్ కొత్త కప్పు వేస్తుంటే నిచ్చెన పట్టుకున్నాను. గడ్డికట్టలు అందించాను. గీసింది: ఏమీ లేదు. నడుము: పోయింది.

13. పాత గీతల మీద మైనం పూసి, కొత్త కప్పు గీశాను. ఉన్నది ఉన్నట్టు. ఉప్పు పట్టని చేపలా ఉంది.

14. మధ్యాహ్నం. రేకుని ద్రావకంలో వేశాను. సూది గీసినచోటల్లా అది రాగిని తింటుంది, పావుగంట చాలు. ఇంతలో బట్టలు చలవచేసే యోస్ట్ వచ్చాడు. మా మామగారి పళ్ళెంలోంచి కొంగ చేపనెత్తుకెళ్ళిన కథ మొదలుపెట్టాను. మధ్యలో ఒక పెళ్ళివిందు కూడా వచ్చింది.
సాయంత్రం నాలుగు. ద్రావకం మైనం కిందికి దూరి కప్పంతా తినేసింది. అచ్చు తీస్తే, గడ్డి కుళ్ళి, నల్లబడి, నడిమికి కుంగి ఉంది. నా జన్మలో ఇంత మంచి కప్పు గీయలేదు. మాట మాత్రం తప్పాను.

15. అచ్చు పట్టుకుని లైస్బెట్ దగ్గరికి వెళ్ళాను. వద్దంటే రేకు గీకేస్తానన్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది.
"ఇది మా ఇల్లు కాదుగా, అన్నయ్యా. మా తలుపు కుడివైపు. దీనికి ఎడమవైపుంది."
రేకు మీద కుడి, కాగితం మీద ఎడమవుతుంది. చెబుదామని నోరు తెరిచాను.
"ఎవరిదో, పాపం," అంది. "నిచ్చెన పట్టుకునే మనిషి కూడా లేడు కాబోలు."
నోరు మూసుకున్నాను. ఆమె అచ్చు తిరిగివ్వలేదు. వంటింటి గోడకి తగిలించుకుంది.

16. పొద్దున్న ఏడు.
కొత్త రేకు. నిర్ణయం: ఉన్నది ఉన్నట్టు. ఒక్క గీత కల్పించను. పది రోజులు. ఈసారి మా పెరట్లో కూలబోతున్న కొట్టం, దాని సాలెగూళ్ళతో సహా.
ఏడుంపావు. హెస్టర్ చీపురు తీసింది.