గుమ్మానికి వేపకొమ్మ

కొత్తపాలెం,
ఫిబ్రవరి 3.

ప్రియమైన నస్రత్‌కు,

మీ నర్సింగ్ హాస్టల్లో ఆదివారం ఒక గంటే ఫోన్ ఇస్తారు, అది మీ ఇంటివాళ్ళకే చాలదు. అందుకే ఉత్తరం. నాకూ నోటితో కంటే చేత్తో చెప్పడమే తేలిక.

మా చెల్లి మాధురికి అమ్మవారు పోసింది. గురువారం వీపు మీద నాలుగు పొక్కులు, శుక్రవారానికి ఒళ్ళంతా. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "అది చికెన్‌పాక్స్, వైరస్ వల్ల వస్తుంది" అన్నాను. "మీ కాన్వెంట్లో ఆ పేరు పెట్టారేమో, వచ్చింది మాత్రం ఆవిడే" అంది. చివరికి జ్వరం బిళ్ళకు మాత్రం సరేనంది. ఇంట్లో తాలింపు లేదు. కళ్లం నిండా మిరపకాయలు ఎండుతున్నాయి, మేం చప్పటి పప్పు తింటున్నాం. శుక్రవారమే గుమ్మానికి వేపకొమ్మ కట్టింది. వేపాకును చూసి వైరస్ పారిపోతుందా?

నిన్న మా స్కూలు హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారు వచ్చారు. లైబ్రరీలో నన్ను ఉద్యోగానికి తీసుకుంటారట. ఆవిడ వెళ్ళాక మీ ఖుర్షిదా వదిన వచ్చింది. మాధురికి జ్వరమని మాత్రమే విన్నదట. చీకటి గదిలో ముసుగు తన్ని పడుకున్నదాని పక్కన అరగంట కూర్చుంది. అమ్మ పొలం నుంచి వచ్చి, "కొమ్మ ఉండగా లోపలికి ఎలా వచ్చావమ్మా?" అని అరిచింది. "కొమ్మ లేదు పిన్నీ" అంది వదిన. చూస్తే నిజంగానే లేదు. మీ మేక తినేసి ఉంటుందని అందరూ నవ్వుకున్నారు.

నీ
దుర్గ

గుంటూరు,
ఫిబ్రవరి 6.

దుర్గా,

నవ్వుకున్నారా? వదినకు నాలుగో నెల. ఇంకా బయట చెప్పలేదు, నీకూ చెప్పలేదు, తప్పు నాదే. ఈ నెలల్లో ఇది సోకితే లోపలి బిడ్డకు కూడా ప్రమాదం ఉండొచ్చు. మా వార్డెన్ కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి అన్నయ్యకు ఫోన్ చేశాను. వదినకు చిన్నప్పుడు వచ్చిందో లేదో వాళ్ళ అమ్మకు గుర్తులేదట. రక్తపరీక్ష చేయించమన్నాను. రాలేదని తేలితే పది రోజుల్లోపు ఒక ఇంజక్షన్ పడాలి.

ఇంకో సంగతి. మా అమ్మ వదినతో మాట్లాడటం మానేసింది. "కొమ్మ చూసి కూడా పోయింది, ఇప్పుడు లేదని బొంకుతోంది" అంటోందట. మేం అమ్మవారు అనం, కానీ వేపకొమ్మ కట్టిన గడప తొక్కం. పుట్టినప్పటి నుంచీ అంతే. వదినకు అది తెలియదా? ఆ రోజు ఇంట్లో ఉన్నది నువ్వే. కొమ్మ ఉందా, లేదా?

నస్రత్

కొత్తపాలెం,
ఫిబ్రవరి 9.

ప్రియమైన నస్రత్‌కు,

శుక్రవారం మీ సాదిక్ అన్నయ్య, వదిన కోటేష్ ఆటోలో ఒంగోలు వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చారు. రేపు చెబుతారట.

వదిన వచ్చినప్పుడు కొమ్మ లేదు. ఆ మాట మీ అమ్మగారితో మా అమ్మ కూడా చెప్పింది. "అయితే మా మేకదే పాపం" అన్నారట. కానీ వదినను మాత్రం పలకరించడం లేదు. "మేక తిన్నా తొడిమలు మిగులుతాయి, చూసుకోవద్దా" అంటున్నారు.

మాధురి పొక్కులు మాడుతున్నాయి. నేను బాగానే ఉన్నాను.

దుర్గ

గుంటూరు,
ఫిబ్రవరి 12.

దుర్గా,

వదినకు ఇంతకుముందు రాలేదని తేలింది. పదో తారీఖున, అంటే ఎనిమిదో రోజున, ఇంజక్షన్ పడింది. ఇక ఇరవై ఎనిమిది రోజులు దాటేదాకా పొక్కులు లేస్తాయేమో చూడాలి.

మేకను మా పిన్ని వాళ్ళ ఊరికి తోలేశారు. పిల్లప్పటి నుంచి సీసాతో పాలు పట్టి పెంచింది వదినే. ఫోన్లో కడుపు గురించి ఏడవలేదు కానీ మేక గురించి ఏడ్చింది.

ఏడుస్తూనే ఒక మాట అంది. "గుమ్మానికి దారం కూడా లేదు నస్రత్" అని. మేక ఆకు తింటుంది దుర్గా. ముడి విప్పదు.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాదు.

నస్రత్

కొత్తపాలెం,
మార్చి 9.

ప్రియమైన నస్రత్‌కు,

ఇలా పిలిచే హక్కు ఇంకా ఉందనుకుంటున్నాను.

కొమ్మ విప్పింది నేనే. సిస్టర్ గారు చూస్తే నవ్వుతారనుకున్నాను. దారంతో సహా చుట్టి మిరప టిక్కీ బస్తాల వెనక పడేశాను. ఆవిడ కూర్చుంటూనే అడిగారు, "చెల్లికి చికెన్‌పాక్స్ అట కదా, వేపకొమ్మ కట్టలేదేం? నాకు చిన్నప్పుడే వచ్చిపోయింది కాబట్టి వచ్చాను. రానివాళ్ళకు ఎలా తెలుస్తుంది?" అని. ఆవిడ వెళ్ళగానే కట్టేద్దామనుకున్నదాన్ని, పుస్తకం తీసి మరిచిపోయాను. వదిన వచ్చినప్పుడు తల కూడా ఎత్తలేదు. "లోపలుంది వదినా" అన్నాను, అంతే.

నీ ఉత్తరం అందినా ఇన్నాళ్ళు ఆగాను. వదినకు పొక్కు లేవకపోతే చెప్పే అవసరం ఉండదనుకున్నాను. ఇరవై ఎనిమిది రోజులు దాటాయి, ఒక్కటి కూడా లేవలేదు. అయినా మీ అమ్మగారు ఆమెతో మాట్లాడలేదు. మొన్న మీ గుమ్మం ముందు నిలబడి అందరి ఎదుట చెప్పేశాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"అంత చదువు చదివి, నోరులేని మేక మీదికి నెట్టావా తల్లీ?" అన్నారు మీ అమ్మగారు. వదిన మాత్రం మీ అమ్మగారి వైపు తిరిగి, "బొంకుతున్నానన్నారు, నెల రోజులు నన్ను పలకరించలేదు కదా అత్తమ్మా. ఇప్పుడు మేకను తెప్పించండి" అంది. సాదిక్ అన్నయ్య ఆ సాయంత్రమే బండి తీశాడు.

ఇవాళ మా ఎదురింటి జయరావు గారి అమ్మాయికి పొక్కులు కనిపించాయి. ఆ ఇంటి గుమ్మానికి కొమ్మ నేను కట్టాను. కింద అట్టముక్క మీద 'కడుపుతో ఉన్నవాళ్ళు లోపలికి రావద్దు' అని పెద్ద అక్షరాలతో రాశాను. వదిన మేకను పట్టుకుని రోడ్డు అవతలే ఆగింది.

"ఎవరు కట్టారు?" అని అక్కడి నుంచే కేకేసింది.

"నేనే వదినా."

"ముడి గట్టిగా వేశావా?"

వేశాను నస్రత్. రెండు ముళ్ళు.

నీ
దుర్గ