ఫ్రీజర్‌లో గడ్డికుక్క

చెల్లీ యరిజీ,
అడిలైడ్ చేరాను. మోకాళ్ళు తప్ప అన్నీ బాగున్నాయి, బెంగపడకు.

మనిద్దరం ఎర్ర ఇసుక దిబ్బల వెనక కోసుకొచ్చిన ఎడారి గడ్డితో, మన పెంపుడు కుక్క టైగర్‌గాడిలాగే ఒక చెవి తెగినట్టు కుక్కను అల్లాను కదా, దాన్ని చూసి ఇక్కడి మ్యూజియంవాళ్ళు తెగ మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఫ్రీజర్‌లో పెడతామన్నారు! చేతులకు తొడుగులు వేసుకున్న ఫ్రేయా అనే అమ్మాయి, "లోపల పురుగులుంటే చస్తాయమ్మా. గడ్డితో చేసిన ఏ వస్తువైనా పద్నాలుగు రోజులు ఉంచాల్సిందే" అంది. నాకు ఒళ్ళు మండింది. "వస్తువేంటి పిల్లా? వాడు టైగర్. మేం ఫ్రీజర్‌లో వండుకునే కంగారూ తోకలు పెడతాం గానీ కుక్కల్ని పెట్టం. నా గౌను నిండా ఆ గడ్డి గింజలే ఉన్నాయి, ముందు నన్ను పెట్టు!" అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. అయినా పెట్టేసింది.

ఈలోగా రెండో కుక్కను మొదలుపెడతాను. సోమవారం విమానంలో రెండు కట్టల గడ్డి, కాసిని ఈము ఈకలు పంపు. వాన పడకముందే కోయి, నల్లబడింది నాకొద్దు. ఇక్కడి గడ్డి గొట్టం నీళ్ళు తాగి పెరిగింది, మెలిపెడితే పుటుక్కున తెగుతోంది. అమ్మ కళ్ళలో మందు వేస్తున్నావా?

ఇవాళ పొద్దున వెళితే ఫ్రీజర్ తలుపు మీద ఫ్రేయా రాసి అంటించిన కాగితం కనబడింది: "లోపల టైగర్ ఉన్నాడు. తలుపు దబాలున వేయకండి."

అందరినీ అడిగానని చెప్పు. టైగర్‌గాడికి మాత్రం ఈ సంగతి చెప్పకు.

మీ అక్క విపానా