మూడు వీధుల అవతలి గర్జన

అమ్మాయీ,

ఆఫీసు బల్ల మీదే కాగితం పెట్టుకుని మీ మామయ్య రాస్తున్నాడు. రెండు నెలల కిందట పాత స్పోర్ట్స్ కారు కొన్నాను కదా. మొదటి వారం పిల్లిలా ఉండేది. ఆ తరవాత ఉన్నట్టుండి గర్జన మొదలైంది. మూడు వీధుల అవతలికి వినిపిస్తుంది. ఆశ్చర్యం అది కాదు. ఆ రోజు నుంచీ నేను ఇల్లు చేరేసరికి అత్తయ్య కుట్టుమిషను ముందు, పిల్లలు పుస్తకాల ముందు ఉంటున్నారు. తాతయ్య డాక్టరు చెప్పిన వ్యాయామం చేస్తుంటారు. ఇదివరకు నా మాట విన్నదెవరు? వీధిలో ఒక్కరూ ఫిర్యాదు కూడా చెయ్యలేదు. నువ్వు సైలెన్సర్ల షెడ్డులో పని నేర్చుకుంటున్నావు కాబట్టి అడుగుతున్నా. ఆ శబ్దం ఎలా వస్తుంది? ఇంకాస్త పెంచొచ్చా?

ఇంటి యజమానిగా ఎదుగుతున్న
మామయ్య

తా.క.: అత్తయ్య మిషనులో దారం చుట్టే బాబిన్ ఒకటి పోయింది. ఈసారి వచ్చేటప్పుడు కొత్తది తీసుకురా.

---

మామయ్యకి,

గ్రీజు చేతులు తుడుచుకుని మీ మేనకోడలు రాస్తున్నది. ఇంజన్‌లో ఒక్కో సిలిండరులో పెట్రోలు పేలినప్పుడల్లా వేడి పొగ ఒక దెబ్బలా గొట్టంలోకి దూకుతుంది. ఎన్ని సిలిండర్లు, ఏ వరసలో పేలతాయన్నదాన్ని బట్టి ఆ చప్పుడు తాళం. గొట్టాలన్నీ ఒకే పొడవుంటే దెబ్బలు సమానంగా కలిసి పాటవుతాయి. హెచ్చుతగ్గులుంటే గుడగుడమంటాయి. చివర సైలెన్సరు గదులు సగం చప్పుడు మింగేస్తాయి. మీ కారులో ఆ గదుల్ని తప్పించే అడ్డదారి ఒకటుంది. దానికి చిన్న రేకు తలుపు. మీరు గట్టిగా తొక్కినప్పుడే అది తెరుచుకోవాలి. మెల్లగా పోతున్నా గర్జిస్తోందంటే తలుపు ఇరుక్కుపోయినట్టే. అది పౌరుషం కాదు మామయ్యా, రోగం. శనివారం తీసుకురండి.

మీ మేలు కోరే
మేనకోడలు

తా.క.: మా మేస్త్రీ మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. గంట నుంచీ పని జరగడం లేదు.

---

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేవలేకపోయిన మామయ్య రాస్తున్నాడు. రోగమా? రెండు నెలలుగా నేను రోగాన్ని ఊరేగిస్తున్నానా? శనివారం వస్తున్నా. ఇంట్లో ఆ మాట చెప్పగానే ఒక్కరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు. "పాపం, దాని గొంతు నొక్కేస్తారా?" అంది అత్తయ్య. "అలవాటైపోయింది నాన్నా, ఉండనీ" అన్నాడు చిన్నాడు. నా కారు మీద ఇంత ప్రేమా? కళ్లు చెమర్చాయి.

చలించిపోయిన
మామయ్య

తా.క.: తాతయ్య వెళ్లి పొగగొట్టాన్ని నిమిరారు. వేలు కాలింది.

---

అమ్మాయీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మీ షెడ్డులో బాగుచేయించుకున్నాక, సోమవారం సాయంత్రం రోజూ కన్నా గంట ముందే, చప్పుడు లేకుండా ఇంటికొచ్చాను. గుమ్మంలోనే ఆగిపోయాను. వీధి వీధంతా మా హాల్లో ఉంది. అత్తయ్య పేక పంచుతోంది. పిల్లలు టీవీకి అతుక్కుపోయారు. పక్కమీంచి లేవడానికే మూలిగే మీ తాతయ్య స్టూలెక్కి ఎవరినో అనుకరిస్తున్నారు. ముందు కారు గర్జన, ఆ వెంటనే "టీవీ కట్టెయ్యండి" అని నా గొంతు. ఇల్లు పగిలిపోయేలా నవ్వులు. మా నాన్న ఇంతగా నవ్వించగలరని నలభై ఎనిమిదేళ్లుగా నాకు తెలియదు. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు నన్ను చూశారు. ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. నిమిషంలో హాలు ఖాళీ.

ఆ నిశ్శబ్దం ఇంకా చెవుల్లో ఉన్న
మామయ్య

తా.క.: ఇంతకీ ఆ తలుపు ఎందుకు ఇరుక్కుందో మీ మేస్త్రీ చెప్పాడా?

---

మామయ్యకి,

మూడు కాగితాలు చింపి నాలుగోదాని మీద మీ మేనకోడలు రాస్తున్నది. చెప్పాడు. అది దానంతటది ఇరుక్కోలేదట. వెనక గొట్టంలోంచి ఎవరో వేళ్లు దూర్చి, తలుపు సందులో ఓ చిన్న ఇనప ముక్క దోపారు. పని తెలిసిన చెయ్యి, వస్తానంటే రేపే షెడ్డులో చేర్చుకుంటానంటున్నాడు మేస్త్రీ.

మీకూ అత్తయ్యకీ మధ్య ఇరుక్కున్న
మేనకోడలు

తా.క.: అత్తయ్యకి కొత్త బాబిన్ అక్కర్లేదు. పాతదే ఈ కవరులో పెట్టాను, కాస్త మాడింది. ఆమె చేతికిస్తారో, దొరికిన చోటే మళ్లీ పెడతారో మీ ఇష్టం.