మసక తోకచుక్కకు ఇద్దరి లెక్క

బావా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి తోకచుక్క ఇది. నువ్వు పక్కన లేకపోయినా దాని వెలుగు సరిగ్గా కొలవగలనని పంతం పట్టాను. తెల్లవారకముందే నీ బైనాక్యులర్ మెడలో వేసుకుని శ్రీకూర్మం దాటి సముద్రపు ఒడ్డుకు వెళ్లాను.

వల సర్దుతున్న సూరమ్మ ఆపింది. "ఏటి బాబూ, తోకసుక్క అరిష్టమంటన్నారు. మావోడు యాటకెల్లొచ్చా?"

"మందర పర్వతాన్ని వీపున మోసిన సామి మన ఊళ్లోనే ఉన్నాడు. ఈ పిడికెడు పొగకి భయపడతావేటే?" అని గుళ్లో మైకు ముందు పురాణం చెప్పే గొంతుతోనే గద్దించాను.

"నీ కేకకే పారిపోద్దిలే ఆ సుక్క!" అని నవ్వింది. పడవ నీళ్లలోకి దిగింది.

నువ్వు నేర్పినట్టే, చుక్కలు తోకచుక్కంత మసకగా ఉబ్బేదాకా బైనాక్యులర్ మర తిప్పాను. దానికన్నా వెలుగున్న చుక్కతో ఒకసారి, తక్కువున్న దానితో ఒకసారి పోల్చాను. శ్రీకాకుళంలో చుక్కలు చూసే మిత్రులు దాని వెలుగు అంకె ఏడు ఉంటుందన్నారు. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది కదా, నాకు ఏడంత వెలుగు కనిపించలేదు. "ఒరే బావా, సుక్కకి మైకు తగిలించకు. కనిపించిందే సెప్పు" అనేవాడివి. తగిలించలేదు.

ఇద్దరం చూడటం పూర్తయ్యేదాకా ఎవరి అంకె వాళ్ల కడుపులోనే ఉండాలన్నది మన కట్టుబాటు. అందుకే బైనాక్యులర్‌ను తువ్వాలు మీద పెట్టి, నువ్వు చూసేంతసేపు నోరు మూసుకుని కూర్చున్నాను. తూర్పు ఎర్రబడింది.

నాది ఎనిమిదిన్నర, బావా. నీదెంత?