డంకన్ సార్ కిల్టు, నాగేందర్ కత్తెర

సిరిసిల్ల పట్నం కాపురస్తుడు, కీర్తిశేషులు కొక్కుల నర్సయ్య కొడుకు, అరవై ఒక్క ఏండ్ల దర్జీ కొక్కుల దేవన్న అనే నేను, ప్రస్తుతం సౌదీలో రియాద్ నగరం మలాజ్‌లో ఉంటూ, నా తదనంతరం అమలు కావలసిన విధంగా రాసుకున్న వీలునామా ఇది. వచ్చే ఆదివారం నా గుండెకు ఆపరేషన్ ఉన్నది. మూడు నరాలు మూసుకున్నయని డాక్టర్ చెప్పిండు. బుద్ధి మూసుకున్నదని ఎవరూ చెప్పలేదు. ఇయ్యాల పొద్దున కూడా అద్దాలు లేకుండా సూదిల దారం ఎక్కించిన. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఒక మనిషి కోపం మాత్రం తెప్పించిండు, అది బలవంతం కిందికి రాదు. ఇంతకు ముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు.

1. సిరిసిల్లలోని నా రెండంతస్తుల ఇల్లు, దాని వెనుక జాగతో సహా, నా భార్య స్వర్ణకు సర్వహక్కులతో చెందవలెను. ఇరవై ఏడు ఏండ్లు ఆమె ఆ ఇంట్ల ఒక్కతే ఉండి ఇటుక ఇటుక పేర్పించింది. నేను ఏడాదికో రెండేండ్లకో చుట్టం లెక్క పోయి వచ్చిన. ఆ ఇల్లు అసలు ఎన్నడో ఆమెది. కాయితం మీద ఇప్పుడు రాస్తున్న, అంతే.

2. మలాజ్‌లోని దుకాణం నా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన సౌదీ షేటు, పేరు మీద ఉన్నది. నాది కాని దాన్ని ఎవరికీ రాయలేను.

3. నా పెద్ద కత్తెర, చెయ్యి కుట్టు సూదులు, కొలతల పుస్తకాలు, “దేవన్న” అని నేసిన పేరు పట్టీల డబ్బా నా బిడ్డ సునీతకు చెందవలెను. సిరిసిల్లలో ఆమె కుట్టు దుకాణం నడుపుతున్నది. బిడ్డా, ఆ పేరు పట్టీ నువ్వు కుట్టిన దానికే వెయ్యాలె. ఇంకొకరు కుట్టిన దాని మీద వేస్తే, ఆ పట్టీల డబ్బా మొత్తం పొయ్యిల పెట్టే హక్కు మీ అమ్మకు ఇస్తున్న.

4. నా బామ్మర్ది, అంటే స్వర్ణ తమ్ముడు, నాగేందర్‌కు ఏమి ఇస్తున్ననో కింద రాస్తున్న. అంతకన్న ముందు ఎందుకో తెలువాలె.

డంకన్ సార్ స్కాట్లండ్ మనిషి, రాబిగ్ రిఫైనరీల ఇంజనీరు. వాళ్ల దేశంలో మగవాళ్లు పెండ్లిళ్లకు గళ్ల ఉన్ని గుడ్డ, నడుము నుంచి మోకాలి దాకా, వెనుక కుచ్చెళ్లు పెట్టి కట్టుకుంటరు. దాన్ని కిల్టు అంటరు. పదమూడేండ్ల కింద తోలు పట్టీ తెగిందని ఆయన తన కిల్టు తెచ్చిండు. పట్టీ పని పావుగంట. నేను నాలుగు రోజులు ఉంచుకున్న. ఎనిమిది గజాల గుడ్డ, ఇరవై మూడు కుచ్చెళ్లు, ఒక కుచ్చెల మీది గీత పక్క కుచ్చెల గీతతో కలిసి, మొత్తం చూస్తే అసలు మడతనే పెట్టలేదా అన్నట్టు ఉన్నది. మా అమ్మ ముత్యవ్వ జీవితమంతా కండెలు చుట్టింది, మా బాపు మగ్గం నేసిండు. గళ్లు కలుపుడు ఎంత కష్టమో నాకు ఒకరు చెప్పవలసిన పని లేదు. అప్పటినుంచి నేను కిల్టులు కుట్టుడు నేర్చుకున్న. రియాద్, జెద్దా, రాబిగ్‌లలో ఉన్న స్కాట్లండ్ వాళ్లు నా దగ్గరికే వచ్చిన్రు.

2022 ఫిబ్రవరిలో మా అమ్మ పోయింది. నేను ఊరికి పోయిన. దుకాణం నాగేందర్‌కు అప్పజెప్పిన. వాని వీసా తీయించింది నేనే, సూది పట్టుడు నేర్పింది నేనే. ఆ నెలల డంకన్ సార్ తన బిడ్డ పెండ్లికి కట్టుకోవాలని, చనిపోయిన తండ్రి కిల్టు తెచ్చి, నడుము కొంచెం వదులు చేయమని ఇచ్చిండు. చేయవలసింది ఇంతే: పై కుట్టు విప్పి, ఒక్కొక్క కుచ్చెలను బియ్యపుగింజంత సదిరి, మళ్లీ చేతితో కుట్టాలె. గుడ్డ లోపల కావలసినంత ఉంటది. రేపు కొడుకు, ఎల్లుండి మనవడు వదులు చేసుకోవాలనే అంత గుడ్డ పెడతరు.

నాగేందర్‌కు చేతికుట్టు ఓపిక లేదు. మిషను మీద పెట్టిండు. అంత మందం గుడ్డకు సూది విరిగింది. ఇంకోటి వేసిండు, అదీ విరిగింది. అప్పుడు కత్తెర తీసి, కుచ్చెళ్ల లోపలి గుడ్డను పై నుంచి కింది దాకా కోసి పారేసిండు. నేను తిరిగొచ్చినంక అడిగితే వాడు అన్న మాట ఇది: “ఎనుక గంత గుడ్డ ఎందుకే బావా? లోపల ఎవడు జూస్తడు?”

డంకన్ సార్ చూసిండు. దుకాణంల నిలబడి ఆ కిల్టును చేతుల మీద పట్టుకుని, “ఇది మా నాయనది కాదు” అన్నడు. తిట్టినా బాగుండు. నాగేందర్ ఆయన ముందటనే నవ్వి, “ఒక్క లంగకు ఇంత లొల్లా?” అని తెలుగుల నాతో అన్నడు. అర్థం కాకున్నా, ఆ నవ్వు ఆయనకు అర్థమైంది.

మా దుకాణంల ఇస్త్రీ చేసే తబ్రేజ్, హైదరాబాద్ యాకుత్‌పురా మనిషి, అప్పుడు ఇస్త్రీ బల్ల కింద నుంచి ఒక సంచి తీసిండు. “దేవన్న భాయ్, చెత్తల ఏసిండు. నేను ఏరి దాచిన” అన్నడు. కోసిన ముక్కలన్నీ అందుల ఉన్నయి. నలభై రోజులు కూర్చున్న. ఏ ముక్క ఏ కుచ్చెలదో గీతలు చూసి పట్టుకుని, అతుకు మడత లోపలికి పోయేటట్టు, పోగుకు పోగు కలిపిన. పెండ్లికి తొమ్మిది రోజుల ముందు ట్రెయిలర్ డ్రైవర్ ఇస్సాక్ దాన్ని రాబిగ్‌కు చేర్చిండు. డంకన్ సార్ కట్టుకున్నడు. బిడ్డను చెయ్యి పట్టుకుని నడిపించిన ఫోటో పంపిండు. నాగేందర్‌ను ఆ వారమే దుకాణంల నుంచి బయటికి పంపిన.

5. నా బరువు ఇస్త్రీ పెట్టె, ఇస్త్రీ బల్ల, నా చలికోటు తబ్రేజ్‌కు చెందవలెను. ఇక్కడి నా సామాను విషయంలో ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా అతనిదే. పారేసిన దాన్ని ఏరి దాచిన మనిషికన్న నమ్మకస్తుడు నాకు దొరకడు.

6. ఇప్పుడు నాగేందర్. వాడు రెండు గల్లీల అవతల సొంత దుకాణం పెట్టి, “చేతితో కుట్టిన కిల్టులు, దేవన్న శిష్యుడు” అని బోర్డు కట్టిండు. పోయిన నెల ఇస్సాక్‌ను పంపి ఒకటి కొనిపించిన. ఆ కిల్టును, దానితో పాటు ఈ కింది మాటలను, నాగేందర్‌కు శాశ్వతంగా దఖలు పరుస్తున్న. ఈ మాటల నకలు కిల్టు కొనదలచిన వాళ్లు ఎవరు అడిగినా తబ్రేజ్ ఇవ్వవలెను.

చేతిల పట్టుకుంటే తువ్వాల లెక్క తేలిపోయింది. అసలుది రెండు కిలోలు దాటుతది. ఒక పోగు కాల్చిన: ఉన్ని అయితే వెంట్రుక వాసన రావాలె, ఇది ప్లాస్టిక్ బుడిపె కట్టింది. కొనేటోళ్లు దుకాణంల అగ్గిపెట్టె తీయలేరు గనుక బరువు చూస్తే చాలు. కింద మడిచి మిషను కుట్టు వేసిండు. కిల్టుకు కింద మడత ఉండదు, మగ్గం మీద నేసిన అంచే కిందికి రావాలె. నేతగాని ఇంట పుట్టినోనికి అంచు తెలువకపోతే ఏమనాలె? వెనుక గీతలు ఒక కుచ్చెలకు ఎక్కి ఇంకో కుచ్చెలకు దిగినయి, తాగినోడు మెట్లు కట్టినట్టు. కుచ్చెళ్లు నడుము దగ్గర సన్నగ, పిరుదుల దగ్గర వెడల్పుగ రావాలె. వీడు పై నుంచి కింది దాకా ఒకటే కొలత పెట్టిండు, అది మనిషికి కాదు, పీపాకు సరిపోతది. లోపల గట్టి కాన్వాసు లేదు. ఇస్సాక్ తిప్పి చూపించమంటే, “లోపల చూసుడు మంచిది కాదు సార్” అన్నడట. ఏ దుకాణపాయన లోపల చూడనియ్యడో, అక్కడ కొనవద్దు. మిగిలినవి మరిచినా ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి.

వానికి ఇంకేమీ లేదు. స్వర్ణ ఫోన్ చేసినప్పుడల్లా “తమ్ముడే గదా, విడిచిపెట్టు” అంటది. వాడు నన్ను దిక్కులేనోడు అన్నది విడిచిపెట్టిన. నా గిరాకీ గుంజుకున్నది విడిచిపెట్టిన. ఆ కోసిన గుడ్డ నాది కాదు గనుక, దాన్ని విడిచిపెట్టే హక్కు నాకు లేదు.

7. నేను ఇక్కడనే పోతే నా శవాన్ని ఊరికి పంపవలెను. కాయితాలు ఇస్సాక్ చూస్తడు. పెట్టెల నా మీద గళ్ల గుడ్డ ఏదీ కప్పవద్దు, జనం నవ్వుతరు.

8. చివరిది నా తప్పు. డంకన్ సార్ తండ్రి కిల్టుల, ఎడమ నుంచి పదకొండో కుచ్చెల మీద తెల్ల గీత రెండు పోగులు పక్కకు పోయింది. నలభయ్యో రోజు కుట్టింది అది. తెలిసీ ఇచ్చిన, పెండ్లి దగ్గర పడిందని. రెండున్నర ఏండ్లు ఎవరికీ చెప్పలేదు. నిన్న రాబిగ్‌కు ఫోన్ చేసి ఒప్పుకున్న. ఆయన నవ్వి, “మొదటి రోజే చూసిన దేవన్. చేతిపని గుర్తుగా కావాలనే విడిచినవ్ అనుకున్న” అన్నడు.

అది ఉత్త మాట. చెయ్యి తప్పితే తప్పే, దానికి అందమైన పేరు పెట్టవద్దు. కిల్టు పంపమన్న, పంపిస్తనన్నడు. ఆపరేషన్ నుంచి లేస్తే ఆ కుచ్చెల నేనే విప్పుత. లేవకపోతే తబ్రేజ్ దాన్ని సిరిసిల్లకు చేర్చవలెను, సునీత విప్పి సరిగ్గ కుట్టి డంకన్ సార్‌కు తిరిగి పంపవలెను. దాని మీద పట్టీ నా పేరుతో కాదు, తన పేరుతో వేసుకోవలెను.

పై సంగతులన్నీ చదివి, చదివించుకుని, ఒక్క మాట మార్చేది లేదని తేల్చుకుని చేసిన వ్రాలు.

రియాద్, మలాజ్
17 అక్టోబరు 2024, గురువారం

(వ్రాలు) కొక్కుల దేవన్న

మా కండ్ల ముందర దేవన్న వ్రాలు చేసినందుకు సాక్షులు:
షేక్ ఇస్సాక్, ట్రెయిలర్ డ్రైవర్, సొంతూరు కడప
సుగ్రా బేగం, హాస్పిటల్ నర్సు, సొంతూరు హైదరాబాద్