సిరా గదిలో వచ్చిన చదువు

పెద్దసారుకి, సిరా గదిలో పనిచేసేవాడు దణ్ణం పెట్టి రాసుకుంటున్నది.

చదువు రాదనే నాకీ ఉద్యోగం ఇచ్చారు. పొద్దున్నే మైకులో నిషేధించిన మాట చెప్పి, చీటీలో దాని ఆకారం చూపిస్తారు. అది పుస్తకంలో ఎక్కడ కనబడితే అక్కడ నల్లసిరా పూయాలి. పంతొమ్మిదేళ్లు పూసీ పూసీ, ఏం చెప్పను సార్, చదువు వచ్చేసింది. వచ్చినవన్నీ నిషేధించిన మాటలే. మొన్న అన్నం మాడితే “ఎందుకు” అన్నాను, మా ఆవిడ పరుగున వెళ్లి కిటికీలు మూసింది.

ఉద్యోగంలోంచి తీసెయ్యమని అడగడమే ధర్మం. కానీ మీరూ ఈ గదిలోంచే పైకొచ్చారు, మీకూ చదువు రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఒకవేళ ఇది చదివేస్తే ఎవరికీ చెప్పకండి. టీ వేళకి నా బల్ల దగ్గరికి రండి. సిరా పూయకుండా దాచిన పేజీ ఒకటుంది.