బాల్కనీలో ఓవెన్

శ్రీసుధా,

ముందు మీ ఆయన చేతికిచ్చి పంపిన డబ్బా తెరువు, తర్వాత ఈ ఉత్తరం చదువు. అందులో ఉన్నవి నువ్వు చేసే మామిడిపండు, ఓట్స్ ముక్కలే. ఈసారి నేను చేశాను. కాన్పుకని నగరిలో మీ పుట్టింటికి వెళ్ళినప్పటినుంచీ వాటి మీదికే మనసు పోతోందని వాడితో అన్నావట.

ఓట్స్, వెన్న, బెల్లం కలిపిన పొడిని పళ్ళెంలో ఒత్తి, పండు గుజ్జు పరిచి, పైన మిగతా పొడి చల్లాను. లడ్డూల్లా ముద్ద కట్టబోయి, పైపొడి పొడిపొడిగానే ఉండాలన్న నీ మాట గుర్తొచ్చి ఆగాను. ఓవెన్‌ను పసుపునీళ్ళతో తుడిచి, మడిచీరతో బాల్కనీలోనే కాపలా కూర్చున్నాను. ఎదురింటివాళ్ళు నవ్వారు. నవ్వనీ.

ఆరగింపు కాకముందు రుచి చూడను కదా, పండు పుల్లదని నాకెలా తెలుస్తుంది? స్వామికి నివేదించి మీ మామయ్యకు పెట్టాను. ఒక కన్ను మూసుకుని మింగారు.

"ఎట్లుండాది?" అన్నాను.

"స్వామే ఏమీ అనలేదు, నేననేదేముండాది?" అన్నారు. అయినా ఇంకో ముక్క అడిగి తీసుకున్నారు. నీకిప్పుడు పులుపే కదా కావాలి, తిను.

అన్నట్టు, వెళ్ళేటప్పుడు ఆ ఓవెన్ ఎవరికైనా ఇచ్చేయమన్నావు. ఇవ్వను. కేకుల పెట్టె మడి వంటింట్లో వద్దని నేనన్న మాట నిజమే. కానీ ఇప్పుడది స్వామికి వండిన పొయ్యి. దాన్ని ఎండకూ వానకూ వదిలేస్తామా? స్టవ్ పక్కన పెట్టించాను.

చోటు చాలక నా గ్రైండర్‌ను బాల్కనీలోకి మార్చాను.

మీ అత్తయ్య